రెట్రో ఆల్బమ్ కవర్ డిజైన్ చేయాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాత ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కవర్లలాంటివి చేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో ఫోటోషాప్ మెనూల పేర్లే ఎక్కువగా ఉంటాయి, మిగతా సాఫ్ట్‌వేర్లలో కూడా ఆ పనులు కాస్త అటూ ఇటూగా అవే పేర్లతో దొరుకుతాయి.

పాత కాగితం టెక్స్చర్ ఒకటి పైన వేసేస్తే రెట్రో లుక్ వచ్చేస్తుంది కదా?

రాదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 1962లో అచ్చయిన కవర్ ఆ రోజున కొత్తదే, రంగులు నిగనిగలాడుతూనే ఉన్నాయి, మూలలు నలగలేదు, గీతలు పడలేదు, అయినా దాన్ని చూడగానే ఆ కాలంది అని తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ రూపం మరకల వల్ల రాలేదు. ఆ డిజైనర్ చేతిలో రెండు మూడు ఇంకులే ఉన్నాయి, అక్షరాలు చేత్తో అతికించాల్సి వచ్చేది, ఫోటో చుక్కలుగా మారితే తప్ప అచ్చయ్యేది కాదు. ఆ పరిమితుల్లోంచి పుట్టిన రూపం అది. కాబట్టి ముందు ఆ పరిమితులు మీరే పెట్టుకుని, అప్పటికి కొత్తగా ఉండే కవర్ ఒకటి చేయండి. పాతబడినట్టు చూపించడం అనేది వేరే పని, అది చివర్లో, అదీ అవసరమైతేనే.

ఏ కాలం స్టైల్ ఎంచుకోవాలి?

ముందు పాట వినండి, తర్వాత ఒక దశాబ్దం ఎంచుకోండి, ఇంకా మంచిది ఒక సంవత్సరం అనేసుకోవడం. "వింటేజ్‌గా ఉండాలి" అని మొదలుపెడితే 50ల నాటి అక్షరాలు, 70ల నాటి రంగులు, 80ల నాటి నియాన్ అన్నీ ఒకే చోట చేరి ఏ కాలానికీ చెందని బొమ్మ తయారవుతుంది.

క్లుప్తంగా చెప్పాలంటే, రికార్డు కవర్ మీద బొమ్మ వేయడం అనే ఆలోచనకు ఊపు తెచ్చింది కొలంబియా రికార్డ్స్‌లో పనిచేసిన అలెక్స్ స్టైన్‌వైస్. అంతకుముందు ఎక్కువ రికార్డులు పేరు తప్ప ఏమీ లేని సాదా అట్టల్లోనే వచ్చేవి. 1940 నుంచి ఆయన చేసిన కవర్లు చిన్న పోస్టర్లలా ఉంటాయి: చదునైన రంగులు, ఒకట్రెండు గుర్తులు, చేత్తో రాసిన అక్షరాలు. 1948లో ఎల్పీ వచ్చాక పన్నెండు అంగుళాల చదరం అందరికీ అలవాటైన కొలత అయింది. 50లు, 60ల్లో బ్లూ నోట్ అనే జాజ్ లేబుల్‌కి రీడ్ మైల్స్ చేసిన కవర్లు తప్పక చూడండి. ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన నలుపు తెలుపు ఫోటోని మైల్స్ ధైర్యంగా కత్తిరించి, ఒక్క రంగు పరిచి, మిగతా జాగా అంతా అక్షరాలకి వదిలేసేవాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ముందు చూపించేది ఇదే, ఎందుకంటే తక్కువ సామాన్లతో ఎక్కువ పని జరగడం ఇందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 60ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో పోస్టర్లు గీసిన వెస్ విల్సన్ లాంటివాళ్ల కరిగిపోతున్నట్టుండే అక్షరాలు, ఒకదాన్నొకటి గుద్దుకునే రంగులు. 70ల్లో లండన్‌లోని హిప్నోసిస్ బృందం చేసిన కలలాంటి ఫోటోలు, మరోపక్క లావుగా గుండ్రంగా ఉండే అక్షరాలు, ఎయిర్‌బ్రష్ బొమ్మలు. 80ల్లో మెటల్ మెరుపు, నియాన్ గీతలు, త్రికోణాలు.

ఎంచుకున్నాక ఆ కాలం కవర్లు ఓ ఇరవై ముప్ఫై పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎన్ని రంగులున్నాయి, ఫోటో ఎంత జాగా తీసుకుంది, పేరు ఏ మూల ఉంది అనేవి కాగితం మీద రాసుకోండి. ఈ రెఫరెన్స్ పని విసుగనిపిస్తుంది, కానీ కవర్ నిలబడేది దీని మీదే.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? డబ్బు పెట్టాల్సిందేనా?

అక్కర్లేదు. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), లేయర్ మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచేవి), బ్లెండ్ మోడ్‌లు (పొరలు ఒకదానితో ఒకటి కలిసే తీరు), కర్వ్స్ (వెలుగునీడలు సరిచేసేది) ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది. ఫోటోషాప్ సరే, ఉచితంగా కావాలంటే అఫినిటీ ఉంది, గింప్ ఉంది, బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ ఉంది. గింప్ 3.0 నుంచి ఫిల్టర్లు వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకునే వీలుంది కాబట్టి ఈ రకం పనికి ఇప్పుడు బాగా పనికొస్తుంది. అక్షరాలతో ఎక్కువ ఆడుకోవాలంటే పక్కన ఇంక్‌స్కేప్ పెట్టుకోండి.

కాన్వాస్ సైజు ఎంత పెట్టాలి?

ఆన్‌లైన్ రిలీజ్‌కి మాత్రమే అయితే 3000 × 3000 పిక్సెల్స్, ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల పద్ధతి). దాదాపు అన్ని స్ట్రీమింగ్ సర్వీసులు దీన్ని తీసుకుంటాయి.

ఎల్పీ అచ్చు వేయించే ఆలోచన ఉంటే మాత్రం ముందే పెద్దది తీసుకోండి. పన్నెండు అంగుళాల రికార్డు పట్టే అట్ట సుమారు 12.375 అంగుళాలు, అంటే 314 మి.మీ. ఉంటుంది. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (అచ్చయ్యాక కత్తిరించేసే అదనపు అంచు) కలిపితే 320 మి.మీ., 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) దగ్గర అది దాదాపు 3780 పిక్సెల్స్. అసలు టెంప్లేట్ ప్రెస్ వాళ్ల దగ్గరే తీసుకోవాలి, ఒక్కో ప్రెస్‌కి కొంచెం తేడా ఉంటుంది. సీడీ బుక్‌లెట్ అయితే 120 మి.మీ. చదరం. చిన్నది చేసి తర్వాత పెంచుదాంలే అనుకోవద్దు, గ్రెయిన్ (ఫిల్మ్ ఫోటోల్లో కనిపించే సన్నని గరుకు), చుక్కలు అన్నీ సైజుకి ముడిపడి ఉంటాయి, పెంచగానే ముద్దలా అయిపోతాయి.

ఫోన్‌తో తీసిన ఫోటో పనికొస్తుందా?

వస్తుంది, కానీ ఫోన్ చేసే హడావుడిని ముందు తీసేయాలి. ఫోన్ కెమెరా నీడల్ని ఎత్తేసి, వెలుగుల్ని దించేసి, అంచుల్ని పదును పెట్టేస్తుంది. పాత ఫిల్మ్ ఫోటోలో నీడ నీడలాగే ఉంటుంది. కాబట్టి కుదిరితే రా ఫార్మాట్‌లో (ఫోన్ మార్పులు చేయని ఫైల్‌గా) తీయండి, హెచ్‌డీఆర్ ఆపేయండి, ఒకే వైపు నుంచి వెలుగు పడేలా మనిషిని కూర్చోబెట్టండి, కిటికీ పక్కన అయినా చాలు. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచి నీడల్ని నల్లబడనివ్వండి, తర్వాత గాసియన్ బ్లర్ ఒక పిక్సెల్ లోపు వేసి ఆ డిజిటల్ పదును విరిచేయండి. గ్రెయిన్ దాని తర్వాతే.

ఇంకో మాట. ఫోటోలో అక్షరాలకి ఖాళీ జాగా ఉందా అని తీసేటప్పుడే చూసుకోండి. ముఖం నట్టనడుమ, చుట్టూ చెట్లూ బిల్డింగులూ ఉన్న ఫోటోని ఏ ఫిల్టర్ కూడా ఆల్బమ్ కవర్‌గా మార్చలేదు.

రెండు రంగుల్లో అచ్చు వేసినట్టు ఎలా తేవాలి?

ఇది నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ముందు ఫోటోని నలుపు తెలుపు చేసి, కర్వ్స్‌తో కాంట్రాస్ట్ సరిచేయండి. పైన గ్రేడియంట్ మ్యాప్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టండి, ఎడమ చివర ఇంకు రంగు, కుడి చివర కాగితం రంగు. ఇక్కడ పూర్తి నలుపు, పూర్తి తెలుపు వాడొద్దు. అచ్చులో నలుపు ఎప్పుడూ స్క్రీన్ మీదున్నంత గాఢంగా ఉండదు, కాగితం కూడా స్క్రీన్ అంత తెల్లగా ఉండదు. ఆర్‌జీబీలో ఇంకుకి 28, 26, 30 దగ్గర, కాగితానికి 242, 232, 208 దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ మార్చండి. గింప్‌లో అయితే కలర్స్ మెనూలో మ్యాప్ కింద గ్రేడియంట్ మ్యాప్ ఉంటుంది, ముందు ఎంచుకున్న గ్రేడియంట్‌నే అది వాడుకుంటుంది.

తర్వాత రెండో ఇంకు. కొత్త లేయర్‌లో చదునైన రంగు, ఎరుపో నారింజో ముదురు నీలమో పరిచి బ్లెండ్ మోడ్ మల్టిప్లై పెట్టండి. ఆఫ్‌సెట్ ఇంకులు పారదర్శకంగా ఉంటాయి, ఒకదాని మీద ఇంకొకటి పడితే కిందది కనిపిస్తూనే మూడో రంగు పుడుతుంది. మల్టిప్లై చేసేది సరిగ్గా అదే. పసుపు గుండ్రం మీద నీలం గుండ్రం సగం వరకు జరిపితే మధ్యలో వచ్చే ఆకుపచ్చ ఉంది చూశారా, ఆ కాలపు డిజైనర్లు రెండు ఇంకుల డబ్బులకి మూడు రంగులు రాబట్టింది అలాగే. మీరూ ఇదే నియమం పెట్టుకోండి: కాగితం, రెండు ఇంకులు, వాటి కలయిక, అంతకుమించి ఒక్క రంగు కూడా ఫైల్‌లోకి రానివ్వకండి. మొదట చేతులు కట్టేసినట్టు అనిపిస్తుంది, కాసేపటికి నిర్ణయాలు వాటంతట అవే తేలికవుతాయి.

హాఫ్‌టోన్ చుక్కలు ఎలా వేయాలి? నావి ఎందుకు గజిబిజిగా వస్తున్నాయి?

హాఫ్‌టోన్ అంటే ఫోటోని చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టి అచ్చు వేయడం. తేలికైన దారి ఫిల్టర్ మెనూలో పిక్సలేట్ కింద ఉండే కలర్ హాఫ్‌టోన్. నలుపు తెలుపు బొమ్మకి వాడుతుంటే అందులోని నాలుగు కోణాల్నీ 45 చేసేయండి, లేకపోతే ఛానెళ్లు ఒకదానితో ఒకటి కలవక రంగు చుక్కలు బయటికొస్తాయి. ఇంకా శుభ్రమైన చుక్కలు కావాలంటే ఫైల్ కాపీ ఒకటి తీసి, ఇమేజ్ మెనూలో మోడ్‌కి వెళ్లి ముందు గ్రేస్కేల్, తర్వాత బిట్‌మ్యాప్ చేయండి, అందులో హాఫ్‌టోన్ స్క్రీన్ అనే ఆప్షన్ ఉంటుంది. వచ్చిన బొమ్మని అసలు ఫైల్‌లోకి తెచ్చి మల్టిప్లైలో పెట్టండి. గింప్‌లో దీనికి న్యూస్‌ప్రింట్ ఫిల్టర్ ఉంది. నాలుగు రంగుల అచ్చులో మామూలుగా వాడే కోణాలు సయాన్‌కి 15, మెజెంటాకి 75, పసుపుకి 0, నలుపుకి 45. ఒకే కోణంలో గీసిన గీతలు మన కళ్లకి అడ్డంగానో నిలువుగానో ఉంటే వెంటనే తెలుస్తాయి, 45లో ఉంటే తక్కువ తెలుస్తాయి, అందుకే అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించే నలుపుకి ఆ కోణం ఇస్తారు.

గజిబిజికి కారణం చాలాసార్లు లెక్క తప్పడం. ఆఫ్‌సెట్ అచ్చులో అంగుళానికి 133 నుంచి 150 వరుసల చుక్కలు ఉండటం మామూలు. మీ ఫైల్ 300 డీపీఐ అయితే ఒక్కో చుక్కకి రెండు పిక్సెల్సే మిగులుతాయి, రెండు పిక్సెల్స్‌లో గుండ్రం ఎలా గీస్తుంది? స్క్రీన్ మీద కనిపించాలంటే చుక్కకి కనీసం ఎనిమిది పది పిక్సెల్స్ ఇవ్వాలి, అంటే అసలు కవర్లలో కన్నా చాలా లావు చుక్కలు. అది నిజమైన అచ్చుకి నకలు కాదు, కావాలని చేసే అలంకారం. అందుకే కవర్ అంతా వేయకుండా ముఖానికో, వెనక ఆకాశానికో మాత్రమే వేస్తే బాగుంటుంది. ఇంకోటి, చుక్కలు వేశాక ఫైల్ సైజు మార్చకండి. మారిస్తే మాయరే వస్తుంది, అంటే చుక్కల మధ్య లేనిపోని అలలు తేలతాయి. సైజు ఖాయం చేశాకే చుక్కలు.

రంగులు కాస్త పక్కకి జరిగినట్టు ఉంటాయి కదా, అది?

మిస్‌రిజిస్ట్రేషన్. ప్రతి ఇంకుకి వేరే ప్లేట్ ఉంటుంది, కాగితం ఒక్కో ప్లేట్ కిందకీ వెళ్లినప్పుడు వెంట్రుకవాసి జరిగితే ఒక అంచున తెల్లటి సందు, ఎదుటి అంచున రంగు మీద రంగు పడుతుంది. మీరు ఇంకుకో లేయర్ పెట్టుకుని చేశారు కాబట్టి ఒక రంగు లేయర్‌ని మూడు నాలుగు పిక్సెల్స్ జరిపితే చాలు, 3000 పిక్సెల్స్ కవర్‌కి అంతకంటే ఎక్కువ వద్దు. నలుపు లేయర్ కదపకండి, అక్షరాలు చదవలేకుండా పోతాయి. జరిపితే ఆ ఇంకులో ఉన్నవన్నీ ఒకే వైపు జరగాలి, ప్లేట్ ఒకటే కదా.

ఫాంట్లు ఎలా ఎంచుకోవాలి?

ఫాంట్ పుట్టిన సంవత్సరం, అది బాగా వాడుకలో ఉన్న సంవత్సరం, రెండూ చూడండి. హెల్వెటికా, యూనివర్స్ రెండూ 1957లో వచ్చాయి, కాబట్టి 1950 నాటి కవర్ చేస్తుంటే అవి వద్దు, 1927 నాటి ఫ్యూచురా అయితే సరిపోతుంది. కూపర్ బ్లాక్ 1922లోనే వచ్చినా దాన్ని చూడగానే జనాలకి గుర్తొచ్చేది 60ల చివర, 70లు. అవాంట్ గార్డ్ గోథిక్ 1970.

ఫాంట్ కన్నా ముఖ్యం దాన్ని పేర్చే తీరు. అక్షరాల్ని ఫోటో పద్ధతిలో కూర్చే ఫోటోటైప్‌సెట్టింగ్ వచ్చాక సీసం అక్షరాల గొడవ పోయింది, అక్షరాల్ని ఒకదానికొకటి ఆనేంత దగ్గరికి తేగలిగారు, 70ల హెడ్డింగులన్నీ అందుకే అంత ఇరుగ్గా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకైతే ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) మైనస్ 30 నుంచి మైనస్ 60 దాకా తగ్గించి, మిగిలిన జతల్ని చేత్తో సరిచేయండి.

ఇంక తప్పక చేయాల్సిన చిన్న పని: అక్షరాల్ని రాస్టరైజ్ చేసి (పిక్సెల్స్ బొమ్మగా మార్చి), లేదా స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో పెట్టి, తెల్లని నేపథ్యం మీద నల్లగా ఉండగా ఒకటి రెండు పిక్సెల్స్ గాసియన్ బ్లర్ వేసి, వెంటనే లెవెల్స్‌లో నలుపు తెలుపు స్లైడర్లని దగ్గరికి లాగండి. మూలలు కొంచెం గుండ్రమై, సందులు కొంచెం పూడి, ఇంకు కాగితంలోకి పాకినట్టు వస్తుంది. ఈ ఒక్కదానితో అక్షరాలు కంప్యూటర్లోంచి కాగితం మీదికి దిగినట్టు కనిపిస్తాయి.

తెలుగు అక్షరాలతో చేయొచ్చా? ఒత్తులు విడిపోతున్నాయి.

చేయొచ్చు, చేయాలి కూడా. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ లేదా సౌత్ ఏషియన్ అని ఉన్న ఆప్షన్ పెట్టండి (వెర్షన్‌ని బట్టి పేరు మారుతుంది). యూనికోడ్ ఫాంట్ వాడండి. రామభద్ర, రవి ప్రకాష్ లాంటి హెడ్డింగ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

కానీ ఇంగ్లీషుకి చెప్పిన ఇరుకు ట్రాకింగ్ తెలుగుకి యథాతథంగా పెట్టకండి. ఒత్తులు కిందికీ పక్కకీ సాగుతాయి, తలకట్లు పైకి లేస్తాయి, గుడ్డిగా దగ్గరికి జరిపితే ఒకదాని ఒత్తు పక్కదాని పొట్టలో గుచ్చుకుంటుంది. అక్షరాల్ని షేప్‌గా మార్చి ఒక్కోదాన్ని చేత్తో జరపండి, పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని ఖాళీలో కూర్చునేలా పేర్చండి. లేదంటే పేరుని కాగితం మీద బ్రష్‌తో రాసి, స్కాన్ చేసి, థ్రెషోల్డ్ (బొమ్మని పూర్తి నలుపు, పూర్తి తెలుపుగా మార్చేది) వేసి వాడండి. నన్నడిగితే ఇదే అన్నిటికన్నా మంచి దారి, ఎందుకంటే తెలుగు గుండ్రాలకి బ్రష్ ఇచ్చే లావు సన్నాలు ఫాంట్లలో అంత తేలిగ్గా దొరకవు.

గ్రెయిన్ ఎక్కడ వేయాలి?

ఫోటో మీద మాత్రమే. గ్రెయిన్ ఫిల్మ్‌ది, అక్షరాలు ఫిల్మ్ కెమెరాలోంచి రాలేదు. కాగితం టెక్స్చర్ అయితే అన్నిటి మీదా ఒకేలా పడాలి. కెమెరా రా ఫిల్టర్‌లోని గ్రెయిన్ బాగుంటుంది, మామూలు నాయిస్ వాడితే మోనోక్రోమాటిక్ టిక్ పెట్టి, తర్వాత అర పిక్సెల్ బ్లర్ చేయండి.

అరిగిపోయిన కవర్‌లా కనిపించాలంటే?

నిజంగా ఎక్కడ అరుగుతుందో ఆలోచించండి. అల్మరాలో నిలబెట్టి, తీసి, పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల మూలలు, రికార్డు లోపలికి వెళ్లే అంచు, అన్నిటికన్నా ముఖ్యంగా రికార్డు అంచు లోపల్నుంచి ఒత్తి గీసిన ఉంగరం. రికార్డు పన్నెండు అంగుళాలు, అట్ట 12.375, కాబట్టి ఆ ఉంగరం కవర్ అంచులకి బాగా దగ్గరగా ఉండాలి, 3000 పిక్సెల్స్ కవర్‌లో దాని వ్యాసం సుమారు 2900. నెట్‌లో దొరికే టెక్స్చర్లలో కొన్ని ఉంగరాన్ని మధ్యలో చిన్నగా వేస్తాయి, తెలిసినవాళ్లకి అది వెంటనే అబద్ధంలా కనిపిస్తుంది. అరిగిన చోట ఇంకు పోయి అట్ట తెలుపు బయటపడుతుంది కాబట్టి తెల్లని లేయర్ పైన పెట్టి, నల్లని మాస్క్ వేసి, గరుకు బ్రష్‌తో అక్కడక్కడా తెరవండి. పూర్తి వలయం గీయకండి.

రంగు వెలిసినట్టు కావాలంటే ఎలా వెలిసిందో తేల్చుకోండి. ఎండ తగిలిన అచ్చు కాగితంలో పసుపు, మెజెంటా ముందు పోయి నీలం మిగులుతుంది. పాత కలర్ ఫోటో ప్రింట్ చీకట్లో ఏళ్ల తరబడి ఉంటే సయాన్ తగ్గి ఎర్రబారుతుంది. అంతా పసుపు పులిమేయడం అన్నిటికీ మందు కాదు. కర్వ్స్‌లో ఒక్కో ఛానెల్ విడిగా తీసుకుని నెమ్మదిగా కదపండి.

ఎంత వేయాలి అంటే, మీకు సరిపోయింది అనిపించిన ఒపాసిటీలో సగం.

కాలానికి సరిపోనివి ఏమైనా దొర్లుతాయా?

బార్‌కోడ్ ముందు చూసుకోండి. దుకాణంలో యూపీసీ బార్‌కోడ్ మొదటిసారి స్కాన్ అయింది 1974లో, 60ల కవర్ ముందువైపు అది ఉంటే మొత్తం చెడిపోతుంది. పాటల్లో పిల్లలకి తగని మాటలున్నాయని హెచ్చరించే పేరెంటల్ అడ్వైజరీ నలుపు తెలుపు పెట్టె 1990 నాటిది, నిజంగా అవసరమైతే పెట్టక తప్పదు, ఊరికే అందానికి వద్దు. పైన "స్టీరియో" అనే పట్టీ కావాలంటే 1958 తర్వాతి కవర్లకే. వెబ్‌సైట్ చిరునామా, సోషల్ మీడియా గుర్తులు వెనకవైపుకి పంపండి. నిజమైన రికార్డు కంపెనీల లోగోలు ముట్టుకోకండి, అవి ట్రేడ్‌మార్కులు. మీ సొంత లేబుల్ గుర్తు ఒకటి గీయండి, ఒక గుండ్రం, రెండు అక్షరాలు, ఒక కేటలాగ్ నంబర్, అదీ సరదాగానే ఉంటుంది.

ఫోటోలు, ఫాంట్ల హక్కుల సంగతి?

ఉచితంగా దిగిందంటే అమ్మకానికి వాడొచ్చని కాదు. లైసెన్స్ పేజీ చదవండి, ఫోటోలోని మనిషి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పాత కవర్‌లోని ఫోటోని కత్తిరించి వాడుకోవడం స్ఫూర్తి పొందడం కాదు.

ఫోన్‌లో చిన్నగా కనిపించినప్పుడు ఏమీ తెలియడం లేదు.

పని మధ్యలోనే 64 పిక్సెల్స్‌కి తగ్గించి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు గ్రెయిన్, చుక్కలు, ఉంగరం ఏవీ కనిపించవు. ఆకారం, రంగు, ఒక పెద్ద అక్షరం మాత్రమే మిగులుతాయి. అవి మిగలకపోతే ఎఫెక్ట్‌లు ఆపి మళ్లీ లేఅవుట్ దగ్గరికి వెళ్లండి.

చివర్లో ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి?

ఆన్‌లైన్‌కి ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌తో జేపెగ్, నాణ్యత ఎక్కువలో. గ్రెయిన్ ఉన్న బొమ్మని మరీ కుదిస్తే గడులు గడులుగా విరిగిపోతుంది. లేయర్లున్న అసలు ఫైల్ విడిగా దాచండి.

అచ్చుకి సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకుల పద్ధతి), ప్రెస్ వాళ్లు చెప్పిన ప్రొఫైల్‌తో. స్క్రీన్ మీద మెరిసే నియాన్ గులాబీ, విద్యుత్ నీలం ఇక్కడ నీరసపడతాయి కాబట్టి వ్యూ మెనూలో ప్రూఫ్ కలర్స్ పెట్టుకుని ముందే చూసుకోండి, లేదా ఆ రెండు ఇంకుల్ని స్పాట్ కలర్లుగా (ముందే కలిపి ఉంచిన విడి ఇంకులుగా) అడగండి, రెండు రంగుల డిజైన్‌కి అదే నిజాయితీ అయిన పద్ధతి. కోటింగ్ లేని అట్ట మీద, లేదా అట్టని తిప్పి గరుకు వైపు అచ్చు వేసే రివర్స్ బోర్డ్ పద్ధతిలో వేయిస్తుంటే, మీరు వేసిన కాగితం టెక్స్చర్ లేయర్‌ని ఆఫ్ చేసి పంపండి, కాగితం రంగు లేయర్‌ని కూడా తేలిక చేయండి. అసలు కాగితమే ఆ పని చేస్తుంది, రెండూ కలిస్తే కవర్ మురికిగా వస్తుంది.